ఆపరేషన్ తర్వాత మతి తప్పడం: పాత లక్షణం, కొత్త వివరణ

ఆపరేషన్ జరిగిన రెండో రోజు సాయంత్రానికో, మూడో రోజు రాత్రికో కొందరు వృద్ధులకు మతి తప్పుతుంది. పొద్దున కొడుకుతో సవ్యంగా మాట్లాడిన మనిషి చీకటి పడేసరికి ఆ కొడుకునే పోల్చుకోలేడు. చేతికి పెట్టిన సెలైన్ గొట్టం పీకేస్తాడు, పక్కగుడ్డ పోగులు లాగుతాడు, గోడ మీద లేని పురుగుల్ని చూపిస్తాడు. తెల్లారితే మళ్లీ మామూలు మనిషి. పొద్దు వాలితే మళ్లీ మొదటికి. ఇంకో రకం మరీ మోసపుచ్చుతుంది. అందులో గొడవేమీ ఉండదు. మనిషి మగతగా, పిలిస్తే పలకకుండా, గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఆపరేషన్ నీరసం అనుకుని చుట్టూ ఉన్నవాళ్లు ఊరుకుంటారు. ఈ రెంటినీ వైద్యులు డెలిరియం అంటారు. పెద్ద వయసులో పెద్ద ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు తరచుగా వచ్చే చిక్కుల్లో ఇదొకటి. తుంటి ఎముక విరిగినవాళ్లలో, గుండె ఆపరేషన్ అయినవాళ్లలో మరీ ఎక్కువ.

మెదడు తన వ్యర్థాలను సరిగా బయటికి పంపుకోలేకపోవడానికీ ఈ మతిభ్రమకూ సంబంధం ఉందా అని పరిశోధకులు కొన్నేళ్లుగా గట్టిగా అడుగుతున్నారు. 2012 తర్వాత జోరందుకున్న ఈ ప్రశ్న వెనుక రెండు పొడవైన చరిత్రలున్నాయి. ఒకటి రోగి మంచం పక్క నిలబడి చూసినవాళ్లది, రెండోది మృతదేహాలనూ జంతువులనూ కోసి చూసినవాళ్లది. శతాబ్దాల పాటు ఆ రెండూ వేరువేరుగానే నడిచాయి.

మంచం పక్కన చూసినవాళ్ల మాట చాలా పాతది. తీవ్ర జ్వరాల్లో రోగి చేతులు గాలిలో ఆడించడం, లేనివాటిని ఏరడం, దుప్పటి నూగు పీకడం, గోడలోంచి గడ్డిపరకలు లాగబోవడం చెడ్డ సూచనలని గ్రీకు హిపోక్రటీసు పేరిట వచ్చిన గ్రంథాల్లో ఉంది. నేటి ఐసీయూ నర్సు రాసే వర్ణనకు అది ఎంతో దగ్గర. చరక సంహిత సన్నిపాత జ్వర లక్షణాల్లో మగత, మోహం, ప్రలాపం, నిద్ర పట్టకపోవడం చెప్పింది. జ్వరం ముదిరి మనిషి ఏవేవో మాట్లాడితే సంధి పుట్టిందనీ, అవి సంధి మాటలనీ తెలుగు ఇళ్లలో పెద్దలు అనేది ఈ లక్షణాన్నే. నిద్ర చెడడమూ మతి చెడడమూ జంటగా వస్తాయన్న సంగతి అప్పటికే గమనింపులో ఉండటం చెప్పుకోదగ్గది.

గాయాలకు, కోతలకు సంబంధించిన మతిభ్రమను యూరప్ శస్త్రవైద్యులు విడిగా గుర్తించారు. 16వ శతాబ్దంలో ఫ్రెంచి శస్త్రవైద్యుడు అంబ్రాజ్ పారే గాయం నొప్పి, జ్వరం, ఎక్కువ రక్తస్రావం తర్వాత వచ్చి పోయే మతిభ్రమ గురించి రాశాడు. 19వ శతాబ్దం మొదట్లో పారిస్‌లో గియోం ద్యుపుయిత్రెన్ ఆపరేషన్ల తర్వాత, ఎముకలు విరిగిన తర్వాత జ్వరం లేకుండానే వచ్చే మతిభ్రమను వర్ణించాడు. ఇది గుర్తుంచుకోవాలి: ఇద్దరూ మత్తుమందు లేని కాలం వాళ్లు. అంటే ఈ మతి తప్పడానికి మత్తుమందు ఒక్కటే కారణం కాదని చరిత్రే చెబుతోంది. తర్వాతి నూరేళ్లలో వైద్యలోకం ఆ సంగతి దాదాపు మరిచిపోయింది.

1846 అక్టోబరు 16న బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో విలియం మోర్టన్ ఈథర్ మత్తు ఇచ్చి చూపాడు. మరుసటి ఏడాది ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫాం వాడకం మొదలుపెట్టాడు. అప్పటినుంచి అందరినీ పట్టి పీడించిన ప్రశ్న ప్రాణం గురించినది: మత్తులో ఉన్న మనిషి బల్ల మీదే ఎందుకు చనిపోతున్నాడు? దీన్ని తేల్చడానికి హైదరాబాదులోనూ పెద్ద ప్రయత్నం జరిగింది. అక్కడి రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ పూనికతో, నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుతో 1888లో ఒకటి, 1889లో ఒకటి హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. జంతువులపై వందల ప్రయోగాలు చేసి, క్లోరోఫాం ముందు శ్వాసను ఆపుతుందని, గుండెను కాదని లారీ వర్గం వాదించింది. ఆ తీర్పు తర్వాత నిలవలేదు. మత్తునుంచి లేచిన మనిషి మతి ఏమవుతుందన్నది వాళ్ల పరిశీలనలో లేని విషయం. ప్రాణం దక్కడమే గండమైన రోజుల్లో అది సహజమే.

ఆ ప్రశ్న వేసినవాడు లండన్ బెత్లెం మానసిక చికిత్సాలయ వైద్యుడు జార్జ్ సావేజ్. మత్తుమందుతో ఆపరేషన్ జరిగిన తర్వాత మతి చెడి తన దగ్గరికి వచ్చిన రోగుల గురించి 1887లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. తాత్కాలికంగా మతిభ్రమ కలిగించే ఏ కారణమైనా కొందరిలో దీర్ఘకాలపు మానసిక వ్యాధికి దారితీయవచ్చని అతని అభిప్రాయం. ఈ అనుమానం సరైన దారిలో ఉందని తెలియడానికి చాలాకాలం పట్టింది.

1955లో లాన్సెట్ పత్రికలో పి.డి. బెడ్‌ఫర్డ్ వ్యాసం వచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌లో వృద్ధుల వైద్యం చేసే ఈ డాక్టరు ఒక మాట పదేపదే విన్నాడు. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి మా నాన్న మునుపటి మనిషి కాడని కుటుంబాలు చెప్పేవి. చాలామంది డాక్టర్లు ఆ మాటను ముసలితనం కింద కొట్టిపారేశారు. బెడ్‌ఫర్డ్ అలా వదలలేదు. మత్తుతో ఆపరేషన్ జరిగిన వెయ్యి మందికి పైగా పెద్దవాళ్ల సంగతులు కూర్చుకుని పరిశీలించాడు. కొందరిలో మతి తీవ్రంగా, శాశ్వతంగా దెబ్బతిన్నదని తేల్చాడు. వృద్ధులకు తప్పనిసరి అయితేనే ఆపరేషన్ చేయాలని సలహా ఇచ్చాడు. పోల్చి చూడటానికి ఆపరేషన్ జరగని వృద్ధుల గుంపు లేకపోవడం ఆ పనిలో లోపమే. అయినా కుటుంబసభ్యుల మాటను సాక్ష్యంగా లెక్కలోకి తీసుకోవడంలో అతను తన కాలం కంటే ముందున్నాడు.

1960లలో గుండె తెరిచి చేసే ఆపరేషన్లు పెరిగేసరికి ఈ సమస్య దాచినా దాగనిదైంది. 1964లో బ్లాక్లీ, స్టార్, 1965లో న్యూయార్క్‌లో కార్న్‌ఫెల్డ్ బృందం గుండె ఆపరేషన్ రోగుల మతిభ్రమను వర్ణించారు. రోగి మొదట కొన్ని రోజులు తెలివిగానే ఉండి ఆ తర్వాత మతి తప్పుతున్నాడు. మత్తుమందు ఒక్కటే కారణమైతే ఆ నడుమ విరామం ఎందుకుండాలి? కార్న్‌ఫెల్డ్ బృందం వార్డును తేరిపార చూసింది: రాత్రీ పగలూ ఆరని దీపాలు, ఆగని యంత్రాల శబ్దం, గంటగంటకూ లేపి చేసే పరీక్షలు. రోగులను నిద్రపోనివ్వాలని, చప్పుడు తగ్గించాలని సూచించారు.

దాదాపు అదే సమయంలో వ్యాధి స్వరూపమూ తేటపడింది. డెలిరియం వచ్చినప్పుడు మెదడు విద్యుత్ తరంగాలు నెమ్మదిస్తాయని రోచెస్టర్‌కు చెందిన జార్జ్ ఎంగెల్, జాన్ రొమానో 1940ల నుంచి చూపుతూ వచ్చి, 1959లో దీన్ని మెదడు పనితీరు చాలకపోవడంగా నిర్వచించారు. గుండె, మూత్రపిండం విఫలమైనట్టే ఇది మెదడు విఫలమవడమని జిబిగ్నీవ్ లిపోవ్‌స్కీ 1980లో తన పుస్తకంలో వాదించాడు. 1990లో షారన్ ఇనౌయే బృందం మంచం పక్కనే కొద్ది నిమిషాల్లో చేయగల పరీక్ష తయారుచేసింది. అది నాలుగు సంగతులు చూస్తుంది: మార్పు హఠాత్తుగా వచ్చి పెరుగుతూ తరుగుతూ ఉందా, ధ్యాస చెదిరిపోతోందా, మాటల్లో పొంతన తప్పిందా, మెలకువ స్థాయి మారిందా. మొదటి రెండూ ఉండి, మిగతావాటిలో ఏ ఒక్కటున్నా డెలిరియం. నెలల పేర్లు వెనక్కి చెప్పమంటే రెండు చెప్పి మూడోదాని దగ్గర తప్పిపోయే రోగిలో ధ్యాస లోపం వెంటనే బయటపడుతుంది. గోడవైపు తిరిగి పడుకున్న మౌన రోగి కూడా లెక్కలోకి వచ్చింది ఇలాంటి పరీక్షల వల్లే.

1999లో ఇనౌయే బృందమే న్యూ హేవెన్‌లో మరో పని చేసింది. 70 దాటిన 852 మంది రోగుల్లో కొందరికి మామూలు వైద్యం, మిగతావారికి దానితోపాటు ఆరు విషయాల్లో శ్రద్ధ అందింది. రోజూ తేదీ, చోటు గుర్తుచేయడం, నిద్రమాత్ర లేకుండా నిద్ర పట్టించడం, త్వరగా లేపి నడిపించడం, కళ్లజోడు అందించడం, వినికిడి సాయం చేయడం, నీళ్లు తాగించడం. నిద్ర కోసం వాళ్లు వాడినవి వేడి పానీయం, మెల్లని సంగీతం, వీపు మర్దన. డెలిరియం 15 శాతం నుంచి 9.9 శాతానికి తగ్గింది. వీళ్లు ఆపరేషన్ రోగులు కారు, సాధారణ వార్డు రోగులు. చైనాలోని చెంగ్డూలో ఈ పద్ధతిని కుటుంబసభ్యుల చేత చేయించి ఆపరేషన్ రోగులపై పరీక్షించారు. 2020లో వచ్చిన ఫలితాల ప్రకారం 281 మందిలో మామూలు సంరక్షణ గుంపులో 19.4 శాతానికి డెలిరియం వస్తే, కుటుంబం పాల్గొన్న గుంపులో 2.6 శాతానికే వచ్చింది. రోగి వెంట ఇంటిమనిషి ఉండటం తెలుగు రాష్ట్రాల ఆసుపత్రుల్లో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ఐసీయూ తలుపు దగ్గర మాత్రం అది ఆగిపోతుంది. ఆ మనిషిని ఖర్చులకూ కాగితాలకూ తిప్పే బదులు కళ్లజోడు పెట్టడానికీ, కబుర్లు చెప్పడానికీ, నడిపించడానికీ వాడుకుంటే ఎంత మేలో ఈ అంకెలు చెబుతున్నాయి.

ఇక రెండో చరిత్ర. మెదడు వ్యర్థాలను వదులుతుందన్న ఊహ రెండో శతాబ్దపు గేలెన్‌ది. ఆవిరి లాంటివి పుర్రె అతుకుల గుండా పైకి పోతాయని, చిక్కటివి మెదడు అడుగునుంచి ముక్కు, అంగిళ్లలోకి దిగి శ్లేష్మంగా వస్తాయని అతను చెప్పాడు. ఈ నమ్మకం దాదాపు పదిహేను వందల ఏళ్లు నిలిచింది. 17వ శతాబ్దం నడుమ విటెన్‌బర్గ్‌లో కాన్రాడ్ విక్టర్ ష్నైడర్ ముక్కు లోపలి పొరే శ్లేష్మాన్ని తయారుచేస్తుందని, మెదడునుంచి ఏదీ కారడంలేదని చూపాడు. దాంతో మెదడు వ్యర్థాల మాటే వైద్యం నుంచి పోయింది. ముక్కు పైన ఉండే జల్లెడ ఎముక రంధ్రాల గుండా మెదడు చుట్టూ ఉండే ద్రవం నిజంగానే పోతుందని తర్వాతి ప్రయోగాల్లో తేలడంతో గేలెన్ ఊహలో కొంత భాగం మాత్రం తిరిగి నిలబడింది.

ఆ ద్రవాన్ని సరిగా చూసినవాడు నేపుల్స్ వైద్యుడు దొమెనికో కొతూన్యో. 1764లో వచ్చిన అతని చిన్న పుస్తకం నిజానికి తుంటినుంచి కాలికి పాకే నొప్పి గురించినది. అంతకుముందు శరీరాన్ని కోసి చూసినవాళ్లు మొదట తలను మొండెంనుంచి వేరుచేసేవాళ్లు. మెడ దగ్గర కోయగానే మెదడు, వెన్నుపాము చుట్టూ ఉన్న నీరంతా కారిపోయేది, ఆ ఖాళీలో గాలి నిండేది. అందువల్ల అక్కడ ఉండేది గాలో ఆవిరో అనుకున్నారు. కొతూన్యో తల తీయకుండా నడుము దగ్గర వెన్ను తెరిచి నీటిని బయటికి రప్పించాడు. పెద్దవాళ్ల శరీరంలో ఈ ద్రవం దాదాపు 150 మిల్లీలీటర్లు. రోజుకు అర లీటరు కొత్తగా ఊరుతుంది, అంతే మేర బయటికి పోతుంది. ఆ పోయే దారి ఏదన్నదే తర్వాతి రెండున్నర శతాబ్దాల వెతుకులాట.

1787లో ఇటలీకి చెందిన పావొలో మస్కాన్యీ మెదడు పై పొరలో శోషరస (లింఫ్) నాళాలు ఉన్నాయని గీసి చూపాడు, ఎవరూ నమ్మలేదు. 1850లలో జర్మన్ రుడాల్ఫ్ విర్కో, ఫ్రెంచి షార్ల్ రొబాఁ మెదడులోకి దిగే రక్తనాళాల చుట్టూ సన్నని ఖాళీ చోటు ఉంటుందని చెప్పారు. 1869లో గుస్తావ్ ష్వాల్బే కుక్కల మెదడు పొరల కింద నీలిరంగు ఎక్కించి, అది శోషరస నాళాల్లో తేలడం చూశాడు. 1870ల నడుమ స్టాక్‌హోంలో ఆక్సెల్ కీ, గుస్తాఫ్ రెట్జియస్ మానవ మృతదేహాల్లో రంగు ఎక్కించి, ద్రవం పెద్ద సిరల్లోకి చేరే చోట్లను అద్భుతమైన చిత్రాలుగా ప్రచురించారు. ఆ చిత్రాల బలం వల్ల సిరల దారి పాఠ్యపుస్తకాల్లో స్థిరపడి, శోషరస దారి అడుగున పడింది. మెదడుకు శోషరస నాళాలు లేవని తరతరాల విద్యార్థులు చదువుకున్నారు.

ఇందులో ఒక చిక్కు ఉంది. మెదడు బరువు శరీరంలో దాదాపు 2 శాతమే అయినా అది వాడే శక్తి దాదాపు 20 శాతం. అంత పని చేసే కణజాలం వదిలే ప్రోటీన్లు, ఇతర వ్యర్థాలు ఎటు పోతాయి? 1970, 80లలో బ్రౌన్ విశ్వవిద్యాలయంలో హెలెన్ సెర్ మెదడు కణాల మధ్య ద్రవం రక్తనాళాల అంచు వెంబడి కదులుతుందని చూపింది. 1985లో మేరీలాండ్‌లో రెనెల్స్ బృందం వెన్ను ద్రవంలో వదిలిన పదార్థం నిమిషాల్లో నాళాల పక్కగా మెదడంతా పాకడం, ధమని స్పందన ఆగితే ఆ కదలిక మందగించడం గమనించింది. ఇతరులకు అదే ఫలితం రాకపోవడంతో ఆ పని మరుగున పడింది.

2012లో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో మైకెన్ నెడర్‌గార్డ్, జెఫ్రీ ఇలిఫ్ దాన్ని కొత్త పరికరంతో తిరిగి చూశారు. ఎలుక పుర్రెలో చిన్న కిటికీ లాంటి పలుచని చోటు చేసి, మెడ వెనక ద్రవంలో మెరిసే రంగు వదిలి, ప్రాణంతో ఉన్న మెదడులోకి ప్రత్యేక సూక్ష్మదర్శినితో చూశారు. రంగు మొదట ధమనుల చుట్టూ మెరిసింది, తర్వాత కణజాలంలోకి పాకింది, ఆ తర్వాత సిరల పక్కనుంచి బయటికి నడిచింది. ధమనుల చుట్టూ అల్లుకున్న గ్లియా అనే సహాయక కణాల పాదాల్లాంటి కొసల్లో నీటిని పంపే ఆక్వాపోరిన్-4 ద్వారాలు కిక్కిరిసి ఉంటాయి. ఆ ద్వారాలు లేని ఎలుకల్లో వ్యర్థాలు బయటికి పోవడం దాదాపు 70 శాతం తగ్గింది. ఈ ఏర్పాటుకు వాళ్లు పెట్టిన పేరు గ్లింఫాటిక్ వ్యవస్థ. 2013లో అదే బృందం, నిద్రలోనూ ఒక రకం మత్తులోనూ కణాల మధ్య చోటు 60 శాతం పెరుగుతుందని, అప్పుడు వ్యర్థాలు వేగంగా కదులుతాయని ప్రకటించింది. 2014లో ముసలి ఎలుకల్లో ఈ కదలిక బాగా తగ్గిందని తేలింది. 2015లో వర్జీనియాలోనూ హెల్సింకీలోనూ మెదడు పొరల్లో శోషరస నాళాలు కనబడ్డాయి. మస్కాన్యీ గీసినవి ఉన్నాయని రెండు శతాబ్దాల తర్వాత ఒప్పుకున్నట్టయింది.

రెండు చరిత్రలు కలిసింది ఇక్కడే. ముసలితనం, నిద్రలేమి, కొన్ని రకాల మత్తుమందులు, గాయం వల్ల పుట్టే వాపు, ఈ నాలుగూ డెలిరియానికి దారితీసేవే. ఎలుకల్లో వ్యర్థాల దారిని కుంటుపరిచేవాటిలోనూ ఇవి ఉన్నాయి. అందువల్ల ఆపరేషన్ గాయం రేపిన వాపు మెదడుకు తాకినప్పుడు, అప్పటికే మందగించిన ముసలి మెదడు వ్యర్థాలను తోసెయ్యలేక పని తప్పుతుందన్న ప్రతిపాదన వచ్చింది. వినడానికి ఎంతో సబబుగా ఉంది. కానీ మత్తుల్లోనే తేడాలున్నాయి. కెటమిన్-జైలజిన్ కలిపి ఇస్తే ఎలుకల్లో ద్రవం బాగా కదులుతుందని, ఐసోఫ్లురేన్‌తో అంత కదలదని 2019లో తేలింది. డెక్స్‌మెడిటమిడిన్ అనే మందు గాఢనిద్రకు దగ్గరి తరంగాలు తెస్తుంది. 2016లో బీజింగ్‌లో, గుండెకు సంబంధించని ఆపరేషన్ల తర్వాత ఐసీయూలో ఉన్న 65 దాటిన 700 మందిపై దీన్ని చాలా తక్కువ మోతాదులో పరీక్షించారు. డెలిరియం 23 శాతం నుంచి 9 శాతానికి తగ్గింది. 2020లో గుండె ఆపరేషన్ రోగులపై జరిగిన పెద్ద పరీక్షలో ఆ మేలు కనిపించలేదు. పైగా తుంటి విరిగినవాళ్లకు వెన్నులో మత్తు ఇచ్చినా, పూర్తి మత్తు ఇచ్చినా డెలిరియం దాదాపు ఒకేలా వస్తోందని 2021లో ఉత్తర అమెరికాలో, చైనాలో జరిగిన రెండు పెద్ద పరీక్షలు చూపాయి. పారే, ద్యుపుయిత్రెన్ కాలపు రోగులు చెప్పిన సంగతే ఇది.

అసలు సిద్ధాంతమే వివాదంలో ఉంది. 2024లో లండన్ ఇంపీరియల్ కాలేజీ బృందం ఎలుకల మెదడులో రంగు నేరుగా వదిలి కొలిచి, నిద్రలో అది బయటికి పోవడం సుమారు 30 శాతం, మత్తులో సుమారు 50 శాతం తగ్గిందని చెప్పింది; 2013 నాటి ఫలితానికి ఇది పూర్తిగా ఎదురు. సూది గుచ్చడమే కణజాలాన్ని చెదరగొట్టి ఉంటుందని అవతలివాళ్ల వాదన. మనుషుల్లో సాక్ష్యం మెల్లగా వస్తోంది. ఓస్లోలో ఐదె, రింగ్‌స్టాడ్ వెన్నులోకి ఎంఆర్ఐ రంగు ఎక్కించి, ఒక్క రాత్రి నిద్ర లేకపోయినా మెదడునుంచి ఆ రంగు పోవడం నెమ్మదిస్తుందని 2021లో చూపారు. నిద్రపోతున్న మనిషి మెదడులో వెన్ను ద్రవం అలలుగా కదులుతుందని 2019లో బోస్టన్‌లో లారా లూయిస్ బృందం కనిపెట్టింది.

తుంటి విరిగి వచ్చిన ఎనభై ఏళ్ల మనిషికి ఓస్లో పద్ధతిలో వెన్నులో రంగు ఎక్కించి, గంటల తరబడి స్కాన్లు తీయడం మామూలుగా కుదరదు. అందుకే పరిశోధకులు నీటి అణువుల కదలికను బట్టి లెక్కించే పరోక్ష ఎంఆర్ఐ కొలతలను ఆశ్రయిస్తున్నారు. ఆ కొలత నిజంగా వ్యర్థాల కదలికనే చూపుతోందా అన్నది కూడా తేలవలసి ఉంది. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా ఒకే రోగిని నేరుగా కొలిచి, డెలిరియం వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ పోల్చి, ఏది ముందు ఏది వెనక అని చెప్పగలిగినంత సాక్ష్యం సమకూరితే తప్ప ఈ వివరణ చికిత్సగా మారదు. అంతవరకు ఆసుపత్రుల సూచనల్లో ఉన్నవి పాత సంగతులే: మతిని మందగింపజేసే మందులు తగ్గించడం, నొప్పిని అదుపులో పెట్టడం, రాత్రి దీపాలు ఆర్పడం, కళ్లజోడు, వినికిడి యంత్రం వెంటనే తిరిగి ఇవ్వడం, నీళ్లు తాగించడం, మొదటి రోజునుంచే లేపి కూర్చోబెట్టడం.